పలకను పక్కనుంచి చూడు తల్లీ

బంగారు తల్లీ,

ఇంటి నేలకు వేయించాలని నువ్వు చూసిన పలకల ఫోటోలు రాత్రి అమ్మా నేనూ కూర్చుని చూశాం. ఏది లామినేటో ఏది ఇంజినీర్డ్ చెక్కో ఇద్దరికీ తెలియలేదు. లామినేట్ మీద కనిపించేది చెక్క బొమ్మ అచ్చు వేసిన కాగితం. దాని మీద అరుగుదలను తట్టుకునే గట్టి పొర, కింద చెక్క పీచును జిగురుతో కలిపి ఒత్తిన బోర్డు ఉంటాయి. ఇంజినీర్డ్ పలకలో పైపొర అసలైన చెక్కే. దాని కింద సాధారణంగా ప్లైవుడ్ పొరలు ఒకటి నిలువుగా, ఒకటి అడ్డంగా అతికించి ఉంటాయి. అందుకే తేమ మారినా అచ్చమైన చెక్క పలక అంతగా ఇది సాగదు, వంగదు.

"అసలైన చెక్క" అనగానే నీ మనసు అటు లాగుతోందని నాకు తెలుసు. షాపులో పలకను చేతిలోకి తీసుకుని పైనుంచి కాదు, కోసిన అంచు వైపు నుంచి చూడు. మొత్తం మందం 15 మి.మీ. అని చెబితే సరిపోదు, అందులో పై చెక్క ఎంతో అడుగు. 3, 4 మి.మీ. ఉంటే ఏళ్ల తర్వాత గీకించి మళ్లీ పాలిష్ పట్టించుకోవచ్చు. అర మిల్లీమీటరు చిల్లర ఉంటే గీకడానికేమీ మిగలదు, అలాంటి దానికి చెక్క ధర పెట్టకు. లామినేట్ అయితే ఐదారు పలకలు పక్కపక్కన పరిపించు. ఒకే కణుపు ప్రతి రెండో పలక మీదా కనబడితే ఇంటినిండా అదే కనబడుతుంది.

మన పాత ఇంటి హాలు గుర్తుందా? లామినేట్ వేసినతను గోడ అంచున ఖాళీ వదలకుండా బిగించేశాడు. వానాకాలం వచ్చేసరికి హాలు మధ్యలో నేల గుమ్మటంలా లేచింది, అడుగు వేస్తే కిందికి దిగి మళ్లీ లేచేది. ఏ రకమైనా గోడ చుట్టూ సుమారు 10 మి.మీ. ఖాళీ ఉండాలి, గోడ అడుగున వేసే పట్టీ, అదే స్కర్టింగ్, దాన్ని కప్పేస్తుంది. పని జరిగే రోజు నువ్వో అల్లుడుగారో అక్కడ ఉండి కళ్లారా చూడండి. పలకల పెట్టెలు కనీసం రెండు రోజుల ముందే ఆ గదిలోకి చేర్చాలి, గది వాతావరణానికి అలవాటు పడతాయి.

ఈమధ్య నీ కోసమే ఒక లామినేట్ ముక్కను రాత్రంతా నీళ్లలో ఉంచాను. పొద్దున అంచు మీద వేలు రాస్తే కట్టలా తగిలింది. రెండు రోజులు ఆరబెట్టినా ఉబ్బు పోలేదు. ఇంజినీర్డ్ చెక్కకీ నిలిచిన నీళ్లు పడవు, నల్లబడుతుంది, అంచులు లేస్తాయి. అందుకే బాత్రూమ్‌కీ వంటగదికీ టైల్స్ ఉంచెయ్యి. మిగతా చోట్ల బాగా పిండిన గుడ్డతోనే తుడవాలి.

ఇక నా మాట. మీ హాల్లో పాప బొమ్మలు ఈడుస్తుంది, కుక్క గోళ్లతో పరుగెడుతుంది. అక్కడ లామినేట్ వెయ్యి. అరుగుదలను ఎంత తట్టుకుంటుందో చెప్పే గుర్తు పెట్టె మీద ఉంటుంది, ఏసీ4 తీసుకో. గీతలకు అది చెక్క కన్నా బాగా ఆగుతుంది. కానీ లోతుగా దెబ్బ తగిలితే పాలిష్‌తో పోదు, పలకే మార్చాలి. అదే డిజైన్ తర్వాత దొరక్కపోవచ్చు, ఒక పెట్టె ఎక్కువ కొని దాచు. పడకగదిలో మాత్రం నీకిష్టమైన ఇంజినీర్డ్ చెక్కే వేసుకో. ఉత్త కాళ్లతో నడిచే చోటు, ఆ స్పర్శ వేరుగా ఉంటుంది. రెండింటికీ జిగురు వాడతారు కాబట్టి, దాన్నుంచి వెలువడే హానికరమైన వాయువు ఫార్మాల్డిహైడ్ తక్కువని చెప్పే ఈ1 గుర్తు ఉందో లేదో చూడు. పాప నేల మీదే పడుకుని ఆడుకుంటుంది, దీన్ని మాత్రం వదిలెయ్యకు.

వీటన్నిటికన్నా ముందు సిమెంటు నేలలో తేమ చూడాలి. చాప అంత ప్లాస్టిక్ షీట్ పరిచి నాలుగు అంచులూ టేపుతో అతికించు. ఒక రోజు ఆగి తీసి చూడు. అడుగున చెమ్మ పట్టినా, అక్కడ సిమెంటు రంగు ముదిరినా ఏ పలకలూ వేయించొద్దు, ముందు ఆ తేమ ఎక్కణ్నుంచి వస్తోందో కనుక్కోవాలి.

షీట్ తీశాక ఫోటో పంపు, దగ్గర నుంచి తియ్యి. అడ్వాన్సు ఆ తర్వాతే ఇద్దువుగాని.

ఆశీస్సులతో,
నాన్న