అనోగియా గొర్రెల కాపరికి, ఆయన ఇంటివాళ్లకు కృతజ్ఞతలు

గ్రీసు దేశపు క్రీట్ ద్వీపంలో సైలోరీటిస్ కొండ దారిలో మా కారు ఆగిపోయినప్పుడు ఆదుకున్న అనోగియా గ్రామస్థులకు నలుగురి ముందూ దండం పెట్టుకోవాలని ఇది రాస్తున్నాను. వాళ్లలో ఒక్కరికీ తెలుగు రాదు. అయినా కాపరి గారి అమ్మాయి, “మీ భాషలోనే రాయండి, ఫోనులో పెట్టుకుని అర్థం చేసుకుంటాను” అంది. కాబట్టి చెల్లెమ్మా, ఇది ముందు నీకు, ఆ తర్వాతే మిగతావాళ్లకు.

అమ్మా నాన్నా తెనాలి నుంచి జర్మనీలో ఉన్న మా దగ్గరికి వచ్చారు. మే నెలలో నాలుగు రోజులు సముద్రపు గాలి పీల్చుకుంటారని క్రీట్ తీసుకెళ్తే, “సముద్రం మనకు సూర్యలంకలో లేదా, ఏదైనా కొండ చూపించు” అన్నారు నాన్న. సైలోరీటిస్ ఎత్తు 2456 మీటర్లు. ద్వీపంలో అదే పెద్దది, కానీ పడమటి వైపున్న పాఖ్నెస్ శిఖరం కన్నా మూడు మీటర్లే ఎక్కువ. ఆ మూడు మీటర్ల మీద అక్కడివాళ్లకున్న పట్టుదల వింటే నవ్వొస్తుంది. మేము శిఖరం ఎక్కదలచుకోలేదు. హెరాక్లియో నగరం నుంచి అనోగియా, అక్కడి నుంచి నీదా మైదానం, దాని పైనున్న ఐడా గుహ, చీకటి పడేలోగా వెనక్కి. అంతే.

గుహ కథ చెప్పకుండా ముందుకు పోలేను. గ్రీకు పురాణంలో క్రోనస్ అనే దేవుడు తన బిడ్డలను పుట్టినవాళ్లను పుట్టినట్టే మింగేస్తుంటే, తల్లి రియా జ్యూస్‌ను తెచ్చి ఇక్కడ దాచిందట. పసివాడి ఏడుపు తండ్రి చెవిన పడకుండా గుహ ముందు వీరులు డాళ్లు మోగించారట. కథ సగంలో ఉండగానే అమ్మ “కంసుడే!” అని తేల్చేసింది. మేకపాలు తాగి పెరిగాడని చదివి వినిపిస్తే, “మన వాడికి ఆవులు, వీళ్ల వాడికి మేకలు” అని సర్దుకుంది. 1885లో ఇక్కడ తవ్వకాలు జరిపినప్పుడు నిజంగానే కంచు డాళ్లు బయటపడ్డాయి. హెరాక్లియో మ్యూజియంలో ఉన్నాయి, తీరిక చేసుకుని చూడండి.

దిగి వస్తుండగా రోడ్డు అంచున పొడుచుకు వచ్చిన సున్నపురాయి తగిలి టైరు పక్కభాగం చీలిపోయింది. డిక్కీ తెరిస్తే స్టెప్నీ లేదు. ఒక జిగురు డబ్బా, చిన్న గాలి పంపు మాత్రం ఉన్నాయి. మేకు గుచ్చుకున్న కన్నానికి ఆ జిగురు సరిపోతుంది గానీ, పక్కన బెత్తెడు చీలికను అదేం చేస్తుంది? కారు అద్దెకిచ్చినవాళ్లకు ఫోను చేస్తే, బండి పంపుతాం, సాయంత్రమవుతుంది, అన్నట్టు టైర్లు బీమా కిందికి రావు అన్నారు. ఈలోగా భోజనం వేళ దాటింది. అమ్మకు షుగరు. చేతుల్లో వణుకు, నుదుటి మీద చెమట. సంచిలో ఉన్న చాక్లెట్టు పెట్టాం గానీ, కడుపులో ఏదైనా పడాలి.

అప్పుడు వచ్చారు ఆయన, పాత పికప్ బండిలో. నల్ల చొక్కా, నెరిసిన గడ్డం, వెనక గడ్డి మోపుల మధ్య ఒక కుక్క. టైరు వంక చూడనే లేదు, అమ్మను చూశారు. ముందు సీటు ఖాళీ చేసి, ఆమెనూ నాన్ననూ కూర్చోబెట్టుకుని, నన్ను కుక్క పక్కన ఎక్కమని సైగ చేశారు.

వాళ్లు మితాతో అనే రాతి గుడిసె పక్కనే ఉంది. సున్నం, మట్టి ఏమీ లేకుండా పలకరాళ్లను వరుస మీద వరుస లోపలికి జరుపుతూ పేర్చి, పైన పొగ పోవడానికి కన్నం వదిలారు. లోపల కాగులో గొర్రెపాల విరుగుడు నీళ్లు కాగుతున్నాయి. పైకి తేలిన మిజీత్రా అనే మెత్తటి జున్నును చిల్లుల గరిటెతో తీసి, వేడివేడిగా గిన్నెలో వేసి అమ్మ చేతికిచ్చారు. బార్లీ రొట్టె ముక్క ఎంత గట్టిదంటే రాయే నయం. దాన్ని నీళ్లలో ముంచి, టమాటా చిదిమి, ఆలివ్ నూనె ధారగా పోసి పెట్టారు. ఆ తర్వాత కొండమూలికల టీ. అరగంటలో అమ్మ ముఖం తేటపడింది, ఆయన గొర్రెలు ఎన్నో అడగమని నా ప్రాణం తీయడం మొదలుపెట్టింది.

ఆయన కూతురికి ఫోను కలిపితే ఆమె ఇంగ్లీషులో అన్నీ అడిగి తెలుసుకుంది. ఊళ్లో మా కొలత టైరు లేదు. ఆమె మేనమామ కింద నుంచి తెస్తున్నాడని చెప్పి మమ్మల్ని అనోగియాలో కాఫీ కొట్టు దగ్గర కూర్చోబెట్టింది. 1944 ఆగస్టులో జర్మన్ సైన్యం ఆ ఊరిని నేలమట్టం చేసింది. బ్రిటిష్ అధికారులూ క్రీట్ యోధులూ కలిసి ఎత్తుకెళ్లిన జర్మన్ జనరల్ క్రైపెను ఈ ఊరి మీదుగానే కొండలకు తరలించారన్నది అందుకు ఇచ్చిన ఆజ్ఞలో చూపిన కారణాల్లో ఒకటి. ఆ ఆజ్ఞను ఇప్పుడు ఊళ్లో రాతి మీద చెక్కి పెట్టారు. అది తెలిశాక, ఎక్కడి నుంచి వచ్చారని పక్క బల్ల పెద్దాయన అడిగితే జర్మనీ అనడానికి నాకు నోరు పెగల్లేదు. అన్నాను. ఆయన తల పంకించి నా గ్లాసులో రాకీ అనే ద్రాక్ష సారా నింపారు. కారు నడపాలని చెబితే నాన్న గ్లాసులో నింపారు.

టైరు ఖరీదు మాత్రమే తీసుకున్నారు. బిగించినందుకు, బండి వెళ్లివచ్చినందుకు, తిండికి ఇవ్వబోతే కాపరి గడ్డం పైకెత్తి నాలుకతో “ట్స్” అన్నారు. ఇంకోసారి నోట్లు తీస్తే అవమానించినట్టే అని అమ్మాయి మెల్లగా చెప్పింది. డబ్బుతో చెల్లుబాటు చేసుకుని పోదామనుకునే మా ఊళ్ల అలవాటు అక్కడ చెల్లలేదు. చివరికి అమ్మే దారి చూపింది. సంచిలోంచి తెనాలి చెక్కల పొట్లం తీసి బల్ల మీద విప్పింది. రాకీకి అంత మంచి జోడు ఇంకోటి లేదని కాఫీ కొట్టు మొత్తం తీర్మానించింది.

కాపరి గారికి, మేనమామకు, గంటల తరబడి మాకు గొంతు అరువిచ్చిన నీకు, పేరు కూడా అడగకుండా వెళ్లిపోయిన ఆ పెద్దాయనకు మా ఇంటిల్లిపాది నమస్కారాలు. ఆ వైపు వెళ్లే తెలుగువాళ్లు కారు తీసుకునేటప్పుడే స్టెప్నీ ఉందో లేదో చూసుకోండి, జున్ను అనోగియాలోనే కొనండి.

చెల్లెమ్మా, చెక్కలు ఎలా చేయాలో అడిగావుగా. అమ్మ చెప్పమన్నది ఇది: బియ్యప్పిండిలో వెన్న, ఉప్పు, కారం, గంటసేపు నానిన సెనగపప్పు వేసి గట్టిగా కలుపు. కరివేపాకు మీ దగ్గర దొరకదు కాబట్టి నువ్వులు వెయ్యి. పల్చగా వత్తి, సన్నని మంట మీద వేయించు. ఆలివ్ నూనెలో మాత్రం వద్దట. ఆ మాట మీ నాన్నగారికి నువ్వే ఎలాగోలా నచ్చజెప్పుకోవాలి.