పిల్లల కొలతకు లైఫ్ జాకెట్లు ఏవి?

సంపాదకుల వారికి నమస్కారాలు.

విజయవాడ విద్యాధరపురంలో ముప్పై ఏళ్లుగా బట్టలు కుడుతున్నాను. పోయిన ఆదివారం ఆరేళ్ల మనవడు పట్టుబడితే, కృష్ణలో స్పీడు బోటు ఎక్కిద్దామని ఘాటుకు తీసుకువెళ్లాను. వాడికి పెద్దవాళ్ల లైఫ్ జాకెట్టు తొడిగారు. భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూస్తే చెవుల దాకా వచ్చేసింది. నడుము పట్టీకి ఉండాల్సిన క్లిప్పు విరిగిపోతే ఎవరో ముడివేసి వదిలేశారు. పట్టీ జాకెట్టుకు కలిసేచోట కుట్టు సగం ఊడి పోగులు వేలాడుతున్నాయి. పసిపిల్ల గౌనుకైనా అలాంటి కుట్టు వేసి ఇవ్వను నేను.

చిన్నది ఇమ్మంటే, "ఇవే ఉన్నాయమ్మా, పది నిమిషాల్లో వచ్చేస్తాంగా" అన్నాడు అక్కడి కుర్రాడు. మనవడిని దింపేశాను. వాడు ఏడుస్తూనే ఉన్నాడు. భవానీ ద్వీపం వైపు వెళ్లిన బోటు తిరిగి ఘాటుకు చేరేసరికి, ముందు వరుసలో కూర్చున్న పాప జాకెట్టు గడ్డం దాటి నోటి మీదకు వచ్చింది. తల్లి దాన్ని చేత్తో కిందికి లాగి పట్టుకుంది.

ప్రకాశం బ్యారేజీ ఎగువన నీళ్లు 12 అడుగుల మట్టం దాకా నిలుస్తాయి. 2017 నవంబర్ 12న, కార్తీక మాసపు ఆదివారం, పవిత్ర సంగమం దగ్గర పడవ బోల్తా పడి 20 మందికి పైగా పోయారు. ఆ వారమంతా మా కొట్టుకు వచ్చినవాళ్ల నోట వేరే మాట లేదు.

ఎంత బరువున్నవారికి సరిపోతుందో జాకెట్టు మీది చీటీలోనే రాసి ఉంటుంది. చిన్నపిల్లల వాటికి కాళ్ల మధ్య నుంచి తీసి బిగించే పట్టీ కూడా ఉంటుంది. టిక్కెట్టు ఇచ్చేచోట ఒక తూకం యంత్రం పెట్టి, పిల్లల బరువు చూసి జాకెట్టు ఇస్తే సరిపోతుంది. కుట్టు ఊడినవాటిని మాత్రం మళ్లీ కుట్టించి వాడవద్దు. మామూలు నూలు దారం నీళ్లలో నానితే చివికిపోతుంది, బరువు పడగానే తెగుతుంది. వాటిని పక్కన పడేయాల్సిందే.

వేసవి సెలవుల్లో మళ్లీ తీసుకువస్తానని మనవడికి మాటిచ్చాను. అప్పటికి వాడి ఒంటికి సరిపోయే జాకెట్టు ఆ ఘాటులో ఉండేలా చూడాలని పర్యాటక శాఖ అధికారులను వేడుకుంటున్నాను.

ఇట్లు
ఒక దర్జీ, విద్యాధరపురం, విజయవాడ