మిషను కొనేముందు

మర్రిపాలెం,
విశాఖపట్నం.

చిరంజీవి రవికి అమ్మ ఆశీర్వదించి రాయునది.

ఇక్కడ మేమిద్దరం క్షేమం. నాన్నగారి మోకాలి నొప్పి తగ్గింది. సాయంత్రం పూట మళ్లీ పార్కు దాకా నడిచి వస్తున్నారు. మొన్న నువ్వు ఆయనకు ఫోను చేసి, నిద్రలో ఊపిరి ఆగకుండా ఆయన పెట్టుకునే సీపాప్ మిషను ఏ కంపెనీది, ఎంతకు కొన్నారు అని అడిగి, ఆయన కళ్లజోడు వెతుక్కునేలోగా మీటింగ్ ఉందని పెట్టేశావట. కోడలు మాధవికి స్లీప్ స్టడీ, అదే రాత్రి నిద్రలో ఊపిరిని గమనించే పరీక్ష, చేయించిన సంగతి నాకు ఆ విధంగా తెలిసింది. ఆ తరువాత నీ నుంచి ఫోను లేదు. నేను ఏదైనా చెప్పబోతే "సరేనమ్మా" అని ముగించడం నీకు అలవాటు కనుక, తీరిక చేసుకుని చదువుతావని కాగితం మీద పెడుతున్నాను.

శారద పిన్ని మీ ఇంట్లో దిగి వచ్చింది కదా. ఊరగాయ జాడీ తిరిగి ఇచ్చే నెపంతో వచ్చి కూర్చుని, నువ్వు హాల్లో దివాను మీద పడుకుంటున్నావని, పొద్దున్నే దుప్పటి మడిచి సోఫా వెనక దాస్తున్నావని చెప్పింది. దాని మాటలకు నేను పెద్దగా విలువ ఇవ్వను. కుమారి నిశ్చితార్థం నాడు అది చేసిన నిర్వాకం మనకెవరికీ కొత్త కాదు. కాబట్టి ఆ ప్రస్తావన ఇంతటితో వదిలేసి మిషను విషయానికి వస్తాను.

నువ్వు కంపెనీ పేరు ముందు అడిగావు. అది చివర అడగవలసిన ప్రశ్న. నిద్రలో గొంతు కండరాలు సడలి, నాలుక వెనక్కి జారి, గాలి దారి మూసుకుపోతే ఊపిరి పది సెకన్లో అంతకంటే ఎక్కువో ఆగిపోతుంది. స్లీప్ ఆప్నియా అనే జబ్బు ఇదే. రక్తంలో ఆక్సిజన్ తగ్గగానే మెదడు ఉలిక్కిపడి మనిషిని సగం లేపుతుంది. మళ్లీ గురక, మళ్లీ ఆగడం. ముక్కు ద్వారా కొద్దిపాటి ఒత్తిడితో గాలిని ఎడతెగకుండా పంపితే ఆ దారి తెరుచుకునే ఉంటుందని 1981లో ఆస్ట్రేలియాలోని సిడ్నీలో కోలిన్ సల్లివన్ అనే డాక్టరు, ఆయన సహచరులు చూపించారు. ఈనాటికీ ఏ కంపెనీ మిషను చేసే పనైనా అదే. ఆ ఒత్తిడిని సెంటీమీటర్ల నీటిలో కొలుస్తారు. మామూలు మిషన్లలో అది 4 నుంచి 20 దాకా ఉంటుంది. మాధవి భయపడుతుంటే పొడవాటి గ్లాసులో నీళ్లు పోసి, స్ట్రాను 10 సెంటీమీటర్ల లోతుకు ముంచి, మెల్లగా ఊదమను. మొదటి బుడగ బయటికి రావడానికి ఎంత ఊదవలసి వస్తుందో, 10 ఒత్తిడి అంటే అంతే. బడిలో ఇన్నేళ్లు పిల్లలకు చేయించిన ప్రయోగమే నాన్నగారికీ చేయించాను. అప్పటిదాకా ఆయన, మిషను సైకిలు పంపులాగా ఊపిరితిత్తుల్లోకి గాలి కొడుతుందని అనుకునేవారు.

స్లీప్ స్టడీ రిపోర్టులో ఏ.హెచ్.ఐ. అనే అంకె ఉంటుంది. గంటకు సగటున ఎన్నిసార్లు ఊపిరి ఆగిందో, లేదా బాగా తగ్గిపోయిందో అది చెబుతుంది. 5 నుంచి 15 లోపు ఉంటే స్వల్పం, 15 నుంచి 30 లోపు మధ్యస్థం, ఆపైన తీవ్రం. ఆ అంకె నువ్వు చెప్పలేదు, నాన్నగారు అడగలేదు. మీ తండ్రీకొడుకుల ఫోన్లన్నీ ఇంతే. ఆక్సిజన్ అతి తక్కువగా ఎంతకు పడిందో కూడా అందులోనే ఉంటుంది, చూసి రాయి. ఆడవాళ్లలో ఈ జబ్బు చాలాసార్లు పెద్ద గురకగా కాక పొద్దుటి తలనొప్పిగా, నడిరాత్రి మెలకువగా, రోజంతా నీరసంగా కనిపిస్తుంది. అందుకే నిరుడంతా అందరూ మాధవికి రక్తం తక్కువని బీట్‌రూట్ తినిపించారు. థైరాయిడ్ పరీక్ష చేయించారా? థైరాయిడ్ మందకొడిగా ఉన్నవారికి ఇది తోడయ్యే అవకాశం ఎక్కువ. ఇంతకీ ఆమె గురక నీకు నిద్ర పట్టనివ్వనంత పెద్దదా, లేక మధ్యలో మరేదైనా మాట పట్టింపు వచ్చిందా అనేది నేను అడగడం లేదు.

మిషన్లలో ఒకే ఒత్తిడి మీద నడిచేది ఒకటి, అవసరాన్ని బట్టి రాత్రంతా తానే పెంచుకుంటూ తగ్గించుకుంటూ పోయే ఆటో ఒకటి, పీల్చేటప్పుడు ఎక్కువగాను వదిలేటప్పుడు తక్కువగాను ఇచ్చే బైపాప్ ఒకటి. బైపాప్ ఖరీదెక్కువ కనుక అదే మేలైనదని అమ్మేవాళ్లు నమ్మబలుకుతారు. మామూలు మిషను ఇవ్వలేనంత ఒత్తిడి కావలసినవారికి, రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పేరుకుపోయేవారికి డాక్టరు రాసేది అది. వెల్లకిలా పడుకున్నప్పుడు, జలుబు చేసినప్పుడు కావలసిన ఒత్తిడి మారుతుంది కాబట్టి చాలామందికి ఆటో హాయిగా ఉంటుంది. ఏ రకమో, ఎంత నుంచి ఎంత వరకో డాక్టరు చేత చీటీ మీద రాయించుకో. మొదట తక్కువ ఒత్తిడితో మొదలై మెల్లగా పెరిగే ఏర్పాటు, ఊపిరి వదిలేటప్పుడు కాస్త తగ్గే ఏర్పాటు ఉండాలి. రాత్రి ఎన్ని గంటలు వాడారో, గాలి ఎంత లీకైందో, ఏ.హెచ్.ఐ. ఎంతకు దిగిందో కూడా అది నమోదు చేసుకోవాలి. దాని తెర ఎంత పెద్దది, ఫోనుతో ఎలా కలుస్తుంది అనే వాటి మీద నీ ఆదివారాలన్నీ పాడు చేసుకోకు.

అన్నింటికంటే ముఖ్యం మాస్కు. నాన్నగారికి మొదట జరిగింది నీకు సరిగా తెలియదు. అప్పుడు నువ్వు హాస్టల్లో ఉన్నావు. మేము వెళ్లిన దుకాణంలో ఆ మనిషి నాన్నగారి ముఖం వంక కూడా సరిగా చూడకుండా, ముక్కునూ నోటినీ కలిపి కప్పే పెద్ద మాస్కు తీసి, "అందరికీ ఇదే సార్, మీడియం" అని పొట్లం కట్టబోయాడు. పెట్టి చూపించమని నేను పట్టుబడితే, కుర్చీలో నిటారుగా కూర్చోబెట్టి పెట్టాడు. అప్పటికి బాగానే ఉంది. ఇంటికి వచ్చి పడుకోగానే చెంపల కండ వెనక్కి జారింది, మీసం దగ్గర బుస్సుమని గాలి మొదలైంది. ఆయన పట్టీలు బిగించారు. బిగించిన కొద్దీ మాస్కు అంచున ఉండే మెత్తటి సిలికాను ముడతపడి లీకు మరింత పెరిగింది. తెల్లవారేసరికి ముక్కుదూలం మీద ఎర్రటి గాడి పడింది. గాలి కొట్టి కళ్లు జేవురించాయి. ఆ ముఖంతోనే స్టీల్‌ప్లాంటుకు వెళ్తే హెల్మెట్ బిగువైందా అని అడిగారట. ఆ తరువాత రోజూ నిద్రలోనే పీకి పారేయడం, నేను లేచి మళ్లీ పెట్టడం, ఆయన కసరడం. చివరికి మిషను బీరువా పైకి ఎక్కింది. మీ నానమ్మ దాని మీద పసుపు గుడ్డ ఒకటి కప్పింది, ఎందుకో ఆవిడకే తెలియాలి.

స్లీప్ స్టడీ చేసిన కుర్రాడు, పాపం, ఎలా ఉందని తనంత తానే ఫోను చేసి, సంగతి విని ఇంటికి వచ్చాడు. జేబులోంచి రంధ్రాలున్న అట్టముక్క తీసి నాన్నగారి ముక్కుకు ఆనించి వెడల్పు చూశాడు. నోరు మూసుకునే పడుకుంటారు కనుక ముక్కు మాస్కు చాలునని, అదీ చిన్న సైజు సరిపోతుందని అన్నాడు. ఆరడుగుల మనిషికి చిన్న సైజు అనేసరికి నాన్నగారు ముఖం మాడ్చుకున్నారు. కుర్రాడు ఆయన్ను మంచం మీద వెల్లకిలా ఒకసారి, పక్కకు ఒకసారి పడుకోబెట్టి, పూర్తి ఒత్తిడిలో మిషను నడుపుతూ, పట్టీ కింద వేళ్లు దూరేంత వదులుగా సరిచేశాడు. రాత్రి మాట తరువాత, ముందు పగటిపూట మెలకువలో పెట్టుకోండి అన్నాడు. నాన్నగారు మాస్కు పెట్టుకుని క్రికెట్ చూసేవారు. ఒకసారి వికెట్ పడిందని లేవబోతే గొట్టం లాగి మిషను బల్ల అంచుదాకా వచ్చింది. అలా అలవాటైంది, ఇప్పుడది లేకుండా కునుకు కూడా తీయరు.

కాబట్టి మాధవిని తీసుకుని వెళ్లు, నువ్వొక్కడివే వెళ్లి తేకు. పడుకోబెట్టి మాస్కు చూపించనివాడి దగ్గర కొనకు. ఆమెకు ముక్కుపుడక ఉంది. మాస్కు కింద అది ఒత్తుకుంటుంది, పక్కనుంచి గాలీ పోతుంది. రాత్రి పూట తీసి పెట్టుకోమను; ఆ మాటకు వాళ్ల అమ్మగారు ఏమైనా అంటే నేను చెప్పానని చెప్పు. జుట్టు ఒత్తు కనుక ముడి వేస్తే వెనక పట్టీ నిలవదు, జడ వేసి ముందుకు వేసుకోవాలి. నోరు తెరిచి పడుకుంటే ముక్కు మాస్కు పనికిరాకపోవచ్చు. తెరుస్తుందో లేదో రాత్రి చూసి చెప్పవలసినవాడివి నువ్వే. దివాను మీది నుంచి అది కనిపించదు.

అద్దెకు ఇచ్చేవాళ్లు ఉంటారు. కొన్నాళ్లు వాడి చూసి, అందులో నమోదైన లెక్కలు డాక్టరుకు చూపించి, ఆ తరువాత కొను. సగం ధరకు వస్తోందని ఎవరో వాడి అమ్ముకునేది మాత్రం తేవద్దు. శబ్దం తగ్గించడానికి లోపల పెట్టిన నురుగు పొర పాడై, దాని పొడి గాలితోపాటు లోపలికి పోవచ్చునని ఫిలిప్స్ కంపెనీ 2021 జూన్‌లో లక్షల మిషన్లను వెనక్కి పిలిపించింది. అటువంటిది ఎవరి అటక మీది నుంచి దిగి నీ దగ్గరికి వస్తుందో చెప్పలేం.

మిషనులో నీళ్లు పోసే పెట్టె ఒకటి ఉంటుంది, గాలికి తేమ పట్టించడానికి. ఇక్కడ సముద్రపు గాలికి మేము దాన్ని చాలా తక్కువలో పెడతాం. హైదరాబాదు వేసవిలో మీకు బాగా అవసరం పడుతుంది. అందులో కుళాయి నీళ్లు పోస్తే అడుగున సున్నం కడుతుంది, డిస్టిల్డ్ వాటరే పోయాలి. ఏసీ గదిలో గొట్టం చల్లబడి లోపల నీరు చేరి గుడగుడమంటుంది. మిషను మంచం కంటే కిందుగా పెట్టి, గొట్టానికి గుడ్డ తొడుగు వేస్తే తగ్గుతుంది. మాస్కు రోజూ, గొట్టం వారానికోసారి తేలికపాటి సబ్బు నీళ్లతో కడగడం నువ్వు చెయ్యి. ఇన్వర్టరు ఎంతసేపు లాగుతుందో ముందే చూసుకో. మిషనులోని నీళ్ల పెట్టెను వేడి చేయడం ఆపేస్తే ఎక్కువసేపు వస్తుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చి రోజుల తరబడి కరెంటు లేనప్పుడు, నాన్నగారి బనియను వీపు మీద జేబు కుట్టి అందులో నీ టెన్నిస్ బంతి పెట్టాను. వెల్లకిలా తిరిగితే ఒత్తుకుని మళ్లీ పక్కకు తిరిగేవారు. ఆ బంతి ఎక్కడికి పోయిందని నువ్వు సెలవులకు వచ్చి ఇల్లంతా వెతికావు.

మిషను వచ్చేదాకా మాధవి చేత ఔటర్ రింగు రోడ్డు మీద కారు నడిపించవద్దు. డాక్టరుకు చెప్పకుండా నిద్రమాత్ర వేసుకోనివ్వకు. బీపీ చూపించు. హితబోధ చేయకూడదనే కూర్చున్నాను, కానీ ఒకటి చెప్పక తప్పదు. ఆడపిల్ల గురక పెడుతుందంటే మన ఇళ్లలో నవ్వుతారు. సంక్రాంతికి అందరం మేడ మీద పడుకున్నప్పుడు బుజ్జి అన్న మాట ఆమె మరిచిపోయిందనుకోకు. ఆ రోజు నువ్వూ నవ్వావు. ఇప్పుడు ముఖానికి మాస్కు కట్టుకుని, పక్క ఖాళీగా ఉన్న మంచం మీద పడుకుంటే ఆ పిల్ల ఏమనుకుంటుంది? మంచి మిషన్లు పెద్దగా చప్పుడు లేకుండా నడుస్తాయి. మాస్కు సరిగ్గా కుదిరితే గురక కూడా పోతుంది. ఆ తరువాత హాల్లో పడుకోవడానికి నీకు సాకు ఉండదు. మొదటి వారాల్లో నిద్రలో మాస్కు జారితే సరిచేసే చెయ్యి పక్కన ఉండాలి.

ప్రసాదు శనివారం గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో వస్తున్నాడు. అతనితో కందిపొడి, మాడుగుల హల్వా, పాత నేత చీరతో కుట్టిన గొట్టం తొడుగు పంపుతున్నాను. హల్వా మాధవికి, నువ్వు రుచి చూస్తే చాలు, మొన్న ఫోటోలో నీ పొట్ట చూశాను. తొడుగు ఆరడుగులు కుట్టాను, మామూలు గొట్టం సుమారుగా అంతే ఉంటుంది. మంచానికీ ప్లగ్గుకూ ఎంత దూరమో కొలిచి రాయి, చాలకపోతే మంచి ఎక్స్‌టెన్షన్ బాక్సు ఇక్కడి నుంచి పంపుతాను. ఏ.హెచ్.ఐ. అంకె, థైరాయిడ్ సంగతి కూడా రాయి. ఎవరు ఎక్కడ పడుకుంటున్నారో నాకు రాయనవసరం లేదు కానీ, ప్లగ్గు మంచానికి ఎవరి వైపున ఉందో మాత్రం తప్పకుండా రాయి.

మాధవికి నా ఆశీస్సులు. ఈ ఉత్తరం ఆమెకు చూపించు, శారద పిన్ని ఉన్న కాగితం తప్ప.

ఇట్లు,
అమ్మ