బొమ్మ పెట్టె కూడా చేతిపనే: చేనేత, జౌళి శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ చేనేత, జౌళి శాఖ మంత్రి గారికి నమస్కారం.

నేను విశాఖపట్నంలో బిఎఫ్ఏ (ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ) చివరి సంవత్సరం చదువుతున్నాను. ఏడాదిగా కాన్వాస్ ముట్టుకోలేదు. పెట్టెలు చేస్తున్నాను. తాటాకుతో, వెదురు బద్దలతో, ఏటికొప్పాక ఊళ్లో చేసే లక్క బొమ్మల కోసం పెట్టెలు. ఈ పని మొదలుపెట్టడానికి ఒక కారణం ఉంది. అది చెప్పి, మీ శాఖ తలుచుకుంటే చెయ్యగలిగిన ఒక పని అడుగుదామని ఈ ఉత్తరం రాస్తున్నాను.

కిందటి మే నెలలో మా పిన్ని కూతురికి ఇద్దామని ఒక దుకాణంలో ఏటికొప్పాక లక్క వీణ బొమ్మ కొన్నాను. వాళ్లు దాన్ని బబుల్ ర్యాప్‌లో చుట్టి, టేపు వేసి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి ఇచ్చారు. ఎండలో బస్సు ప్రయాణం. ఇంటికెళ్లి విప్పితే వీణ కుండ మీద ఆ బుడగల అచ్చులు పడి ఉన్నాయి. లక్క వేడికి మెత్తబడుతుంది కదండీ. మా చెల్లి ఏమీ అనలేదు, కానీ నాకు ఏడుపొచ్చింది.

ఎందుకంటే ఆ బొమ్మ ఎలా తయారవుతుందో నేను దగ్గరుండి చూశాను. అంకుడు కర్రని లేత్ మీద తిప్పుతూ, చెట్ల గింజల నుంచి, బెరడు నుంచి, వేళ్ల నుంచి తీసిన రంగులు కలిపిన లక్కని అద్దుతారు. ఆ రాపిడి వేడికే లక్క కరిగి కర్రకి పడుతుంది. తర్వాత మొగలి ఆకుతో మెరుగు పెడతారు. ఈ బొమ్మలకి 2017లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది. వీటి కోసం పనిచేసిన సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. 2025 గణతంత్ర దినోత్సవాన మన రాష్ట్ర శకటం మీద ఢిల్లీలో ఇవే బొమ్మలు ఊరేగాయి. అలాంటి బొమ్మ కొన్నవాళ్ల చేతికి వెళ్లేది మాత్రం ప్లాస్టిక్ కవర్లో.

మనకి పెట్టెలు, బుట్టలు కొత్త కాదు. మా అమ్మమ్మ ఇంట్లో అటక మీద ఒక వెదురు బుట్ట ఉంది. ఆవిడ పెళ్లికి అందులో సారె వచ్చిందట. చలిమిడి, అరిసెలు ఆ వారమే అయిపోయాయి, బుట్ట మాత్రం ఇప్పటికీ ఉంది. పూలు కట్టిన అరటాకు పొట్లం, అరటి నారతో వేసిన ముడి, ఇవన్నీ మన చేతులకి తెలిసిన పనులే. సారె బుట్టని ఎవరూ పారెయ్యరు. నేను చెయ్యాలనుకున్నది కూడా అలాంటి పెట్టే.

మొదటి పెట్టె కుదరలేదు. చూడ్డానికి బాగుంది గానీ, నడుము ఎత్తు నుంచి వదిలితే వీణ బిరడా విరిగింది. లోపల ఎండుగడ్డి పెట్టి చూశాను, పురుగులొచ్చాయి. చివరికి జవాబు ఏటికొప్పాకలోనే దొరికింది. కర్ర తిప్పేటప్పుడు లేత్ కింద ఉంగరాలు ఉంగరాలుగా రాలే పొట్టు ఉంటుంది, దాన్ని ఊడ్చి పక్కన పోస్తారు. ఆ పొట్టునే ఎండబెట్టి పలచటి నూలు గుడ్డలో మూటకట్టి మెత్తగా పరిచాను. ఏ కర్రతో బొమ్మ అయిందో ఆ కర్రే బొమ్మని కాపాడుతోంది. ఆరోసారి చేసిన పెట్టెని పదిసార్లు కింద పడేసినా బొమ్మకి ఏమీ కాలేదు. ఆకుకి బూజు పట్టకుండా, తాళపత్రాలకి చేసినట్టే ఉడికించి నీడన ఆరబెట్టాను.

అల్లిక నాకు నేర్పింది మా ఊరి మేదర వీధిలో ఒక పెద్దావిడ. నేను చేసిన పెట్టె అడుగున ఆవిడ పేరు రాస్తానంటే నమ్మలేదు. "బుట్ట ఎవులు అల్లారో ఎవులడుగుతారేటమ్మా?" అంది. ఆ మాట నన్ను వదల్లేదు. ఇప్పుడు ప్రతి పెట్టె అడుగున రెండు పేర్లు రాస్తున్నాను, బొమ్మ చేసినవాళ్లది, పెట్టె అల్లినవాళ్లది. కాలేజీలో నా పని చూసిన ఒకరు "ఇది ప్యాకింగ్ కదా, ఇందులో కళ ఏముంది?" అని అడిగారు. ఆ పెద్దావిడ బద్ద చీల్చేటప్పుడు చూసి ఉంటే ఆయన ఆ ప్రశ్న అడిగేవారు కాదని నా నమ్మకం.

ఇక నా విన్నపం. ఒక పెట్టెకి నాకు సామాను, అల్లినావిడ కూలి కలిపి 85 రూపాయలు అయింది. 250 రూపాయల బొమ్మ చేసే కళాకారుడు ఈ ఖర్చు సొంతంగా పెట్టుకోలేడు, అది అన్యాయం కూడా. లేపాక్షి దుకాణాల కోసం హస్తకళల అభివృద్ధి సంస్థ బొమ్మలు కొనేటప్పుడు, బొమ్మ ధరతో కలపకుండా చేతితో చేసిన పెట్టెకి విడిగా డబ్బు కట్టే ఏర్పాటు చెయ్యండి. ఆ డబ్బు నేరుగా అల్లేవాళ్లకి అందాలి. ముందు ఏటికొప్పాక, కొండపల్లి బొమ్మలతో ఒక ఏడాది చేసి చూడండి. డిజైన్ పనికి మాలాంటి ఫైన్ ఆర్ట్స్ విద్యార్థులని ఒక సెమిస్టర్ పాటు ఆ ఊళ్లకి పంపండి. మాకు జీతం వద్దు, బస్సు చార్జీలు, ఉండటానికి చోటు చాలు.

2022 జూలై 1 నుంచి దేశమంతా కొన్ని ప్లాస్టిక్ వస్తువులు నిషేధించారు. స్వీట్ బాక్సుల మీద చుట్టే పలచటి ప్లాస్టిక్ కాగితం కూడా అందులో ఉంది. వద్దన్నదాని స్థానంలో ఏం పెట్టాలో దుకాణదారుడికి ఎవరో ఒకరు చూపించాలి. నేను చూపించగలను.

నా దగ్గర ఇప్పుడు పన్నెండు పెట్టెలు ఉన్నాయి. మీరు ఏ రోజు రమ్మంటే ఆ రోజు బొమ్మలతో సహా తీసుకొస్తాను. మీ బల్ల మీద నుంచి మీరే కింద పడేసి చూడండి.

ఇట్లు,
ఒక బిఎఫ్ఏ విద్యార్థిని,
విశాఖపట్నం