కాలనీ సంక్షేమ సంఘం, నిజామాబాద్: క్రీడా విభాగం వార్షిక నివేదిక 2024-25

గౌరవనీయులైన సభ్యులకు నమస్కారం.

క్యారమ్స్ పోటీలు, పిల్లల వేసవి ఆటలు, షటిల్ కోర్టు మరమ్మతు ఎప్పటిలాగే జరిగాయి. ఫలితాలు, ఖర్చులు హాలు బయట నోటీసు బోర్డులో పెట్టాం. ఈసారి నివేదికలో ఎక్కువ భాగం ఆదివారం పొద్దున్నే హాల్లో కలిసి చూసిన ఎం.ఎం.ఎ. (గుద్దులు, తన్నులు, కుస్తీ పట్లు అన్నీ కలిసిన పోటీ) ఫైట్ల గురించే రాస్తున్నాను. ఏడాది పొడవునా సభ్యులు నన్ను దారిలో ఆపి మెచ్చుకున్నా, కోప్పడ్డా అన్నీ వీటి గురించే.

2024 మార్చిలో కుర్రాళ్లు హాలు అడిగినప్పుడు కార్యవర్గంలో వద్దన్నవాళ్లలో నేనూ ఉన్నాను. మనుషులు రక్తాలు కారేలా కొట్టుకుంటుంటే టిఫిన్ తింటూ చూడటమేమిటని నా బాధ. చివరికి మూడు షరతుల మీద ఒప్పుకున్నాం. సౌండ్ తక్కువ పెట్టాలి, పదేళ్లలోపు పిల్లలను రానివ్వకూడదు, అయిపోయాక హాలు ఊడ్చి తాళం వేయాలి. మొదటి షరతు ఏడాదంతా సరిగ్గా నిలబడలేదు. హాలు పక్క ఇళ్లవారికి కార్యవర్గం తరఫున క్షమాపణ చెప్తున్నాను.

అమెరికాలో శనివారం రాత్రి జరిగే ఫైట్లు మనకు ఆదివారం తెల్లవారాక వస్తాయి. లాస్ వేగాస్‌లో జరిగిన యూఎఫ్‌సీ 300 (యూఎఫ్‌సీ అంటే ఈ ఫైట్లు నడిపే అమెరికా సంస్థ) మనకు 2024 ఏప్రిల్ 14న అలాగే వచ్చింది. మెయిన్ కార్డ్, అంటే ముఖ్యమైన ఫైట్లు, మనకు పొద్దున 7:30కి. ఉగాది అయి ఐదు రోజులు, రంజాన్ పండుగ అయి మూడు రోజులు. అదే రోజు అంబేడ్కర్ జయంతి కూడా కాబట్టి పదకొండుకల్లా హాలు ఖాళీ చేసి దండలు, ఫోటో పెట్టేవాళ్లకు అప్పగించాలని ముందే అనుకున్నాం. రెండో వీధి వాళ్లు పండుగకు చేసిన షీర్ ఖుర్మా ఇంకా ఉందని గిన్నెతో తెచ్చారు. దుబాయ్‌లో, అబుదాబిలో పనిచేస్తున్న మన కాలనీ పిల్లలు కొందరు వీడియో కాల్‌లో చేరారు. వాళ్లకు అప్పుడు ఆరు గంటలు.

ఆ రోజు చూసిన జస్టిన్ గేచీ, మాక్స్ హాలోవే ఫైట్ గురించి కాస్త వివరంగా రాయాలి. రాని సభ్యులకు కూడా అది తెలియాలి. హాలోవే హవాయి మనిషి. 145 పౌండ్ల తరగతిలో ఒకప్పుడు చాంపియన్‌గా ఉన్నవాడు, ఈ ఫైట్ కోసం 155 పౌండ్లకు వెళ్లాడు. అంటే తన కన్నా బరువైన వాళ్ల మధ్యకు. గేచీ దెబ్బ ఎంత గట్టిదో చూసేవాళ్లందరికీ తెలుసు. అందుకే హాలోవేను ఇష్టపడే కుర్రాళ్లు పొద్దున్నుంచే టెన్షన్‌గా ఉన్నారు. రౌండుకు ఐదు నిమిషాల చొప్పున ఐదు రౌండ్లు. మొదటి రౌండ్ చివర్లో హాలోవే గిర్రున తిరిగి తన్నిన తన్నుకు గేచీ ముక్కు విరిగింది. అక్కడి నుంచి హాలోవేదే పైచేయి.

ఐదో రౌండులో ఇంకా పది సెకన్లు ఉన్నాయి. పాయింట్ల మీద గెలుపు ఖాయం. దూరంగా తిరుగుతూ గంట మోగేదాకా ఆగితే చాలు. హాలోవే అలా చేయలేదు. కంచె కట్టిన కేజ్ మధ్యకు వచ్చి, వేలితో కిందికి చూపించి, ఇక్కడికి రా అన్నాడు. గేచీ వచ్చాడు. ఇద్దరూ ఒక్క అడుగు వెనక్కి వేయకుండా కొట్టుకున్నారు. గేచీ బోర్లా పడిపోయాడు. గడియారం 4:59 దగ్గర ఆగింది. ఇంకొక్క సెకను ఉంది.

హాల్లో ఏమైందో రాయడం నాకు కష్టం. ప్లాస్టిక్ కుర్చీలు వెనక్కి పడ్డాయి. ఒకరి చేతిలోని టీ ఇంకొకరి చొక్కా మీద. ఇంటర్ చదివే ఇద్దరు కుర్రాళ్లు ఒకరినొకరు ఎత్తుకుని తిప్పుతున్నారు. వద్దన్న నేను కూడా నిలబడి అరిచాను. ఎప్పుడు నిలబడ్డానో నాకే తెలియదు.

మనవడిని పిలవడానికి వచ్చిన నర్సమ్మ గారు అప్పుడు తలుపు దగ్గర ఉన్నారు. ప్రభుత్వ ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరయ్యారు, కాలనీలో సగం మందికి ఆమే ఇంజెక్షన్లు వేశారు. ఒక చేతిలో కూరగాయల సంచి. "లేచిండా?" అని అడిగారు. ఎవరికీ వినపడలేదు. సంచి కింద పెట్టి మళ్లీ గట్టిగా అడిగారు. "కింద పడ్డ పిలగాడు లేచిండా లేదా? మీరందరు ఆయన్ని చూస్తలేరేంది?"

అప్పుడు చూశాం. టీవీలో అదే దెబ్బ మళ్లీ మళ్లీ వేస్తున్నారు. మధ్యలో ఒకసారి గేచీ కనిపించాడు, చుట్టూ డాక్టర్లు. కాసేపటికి తేరుకున్నాడు. "కండ్లు తెరిచిండు" అని ఆమె మనవడి చెయ్యి పట్టుకుని వెళ్లిపోయారు. హాలు చల్లబడింది.

ఆ తర్వాత చివరి ఫైట్‌లో అలెక్స్ పెరేరా, జమాల్ హిల్ తలపడ్డారు. ఒక తన్ను నడుము కింద తగలడంతో రెఫరీ ఆపబోతే పెరేరా చేత్తో అక్కర్లేదన్నట్టు సైగ చేశాడు. మరుక్షణం ఎడమ చేతి హుక్, హిల్ కిందికి. మొదటి రౌండ్ 3:14కే అయిపోయింది. అరుపు లేచింది, లేచినంత వేగంగా తగ్గింది. ముందు వరుసలోని నలుగురైదుగురు వెనక్కి తిరిగి తలుపు వైపు చూశారు. నర్సమ్మ గారు అక్కడ లేరు. అయినా హిల్ లేచేదాకా చప్పట్లు పడలేదు. ఎవరూ చెప్పని ఈ పద్ధతి తర్వాత ఏడాదంతా నడిచింది. ఈ నివేదికలో నాకు అన్నిటికన్నా సంతోషం కలిగించిన సంగతి ఇదే.

హాలోవేకు ఆ రాత్రి 3 లక్షల డాలర్ల బోనస్ రెండుసార్లు వచ్చింది. కుర్రాళ్లు అక్కడే ఫోన్లో లెక్కేశారు, అప్పటి రేటులో దాదాపు 5 కోట్ల రూపాయలు.

జూన్ 9 గురించి. ఉత్తరప్రదేశ్‌లోని ముజఫర్‌నగర్ జిల్లా బుఢానాకు చెందిన పూజా తోమర్ అమెరికాలోని లూయిస్‌విల్‌లో తొలి యూఎఫ్‌సీ ఫైట్ ఆడింది. మన మహిళా సభ్యులు తెల్లవారుజామున 2:30కే హాలు తీయించారు. ఏడాది మొత్తంలో మగవాళ్ల కన్నా ఆడవాళ్లు ఎక్కువగా వచ్చింది ఆ ఒక్కసారే. పూజ ఉషు అనే చైనా యుద్ధక్రీడ నుంచి వచ్చిన అమ్మాయి, బరువు తరగతి 115 పౌండ్లు, అంటే 52 కిలోల చిల్లర. ఎదురుగా బ్రెజిల్‌కు చెందిన రయానీ దోస్ శాంటోస్. రెండో రౌండులో కరెంటు పోయింది. ఒకే ఫోన్ చుట్టూ పదకొండు తలలు. పొట్టివాళ్లు కుర్చీలెక్కారు.

మూడు రౌండ్లయ్యాక ఒక జడ్జి 30-27తో మూడు రౌండ్లూ పూజకే ఇచ్చారు. ఇంకో జడ్జి సరిగ్గా అదే లెక్కతో మూడూ దోస్ శాంటోస్‌కు ఇచ్చారు. మూడో జడ్జి 29-28తో పూజ వైపు. యూఎఫ్‌సీలో గెలిచిన మొదటి భారతీయ మహిళ అయింది. చీకట్లో ఫోన్ వెలుగులో మా చెల్లెళ్ల ముఖాలు నేను చూశాను. ఇద్దరు ఏడ్చారు. ఆ సాయంత్రమే న్యూయార్క్‌లో భారత్, పాకిస్తాన్ టీ20 ప్రపంచకప్ మ్యాచ్. కాలనీ అంతా అదే మాట, పూజ పేరు ఎవరూ ఎత్తలేదు. క్రికెట్ అంటే నాకూ ప్రాణమే. కానీ ఆ రోజు పొద్దున మేల్కొన్న ఆడవాళ్లకు అది కష్టంగా అనిపించింది. వాళ్లు చెప్పమన్నారు కాబట్టి ఇక్కడ నమోదు చేస్తున్నాను.

ఆగస్టు 1న మన నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ పారిస్ ఒలింపిక్స్‌లో ఆడింది. అది బాక్సింగ్, ఎం.ఎం.ఎ. లోకి రాదు. కానీ మన ఊరి నివేదికలో ఆమె పేరు లేకుండా ఎట్లా? 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో ప్రపంచ చాంపియన్. ప్రీక్వార్టర్స్‌లో చైనాకు చెందిన వు యు మీద ఐదుగురు జడ్జీలూ నిఖత్‌కు వ్యతిరేకంగా ఇచ్చారు. హాల్లో ఒక్క మాట లేదు. పెద్దాయన ఒకరు టీవీ కట్టేసి బయటికి వెళ్లి మెట్ల మీద కూర్చున్నారు. ఆ వారంలోనే ముగ్గురు ఆడపిల్లల తల్లిదండ్రులు బాక్సింగ్ ఎక్కడ నేర్పుతారని నన్ను అడిగారు. నిఖత్ ప్రపంచ చాంపియన్ అయినప్పుడు అడగనివాళ్లు ఓడినప్పుడు అడిగారు.

రెండు గొడవల గురించి దాచకుండా రాయాలి. మొదటిది పందేలు. ఎవరు ఏ రౌండులో పడతారని కొందరు ఫోన్లలో డబ్బులు కాస్తున్నారని సెప్టెంబర్‌లో తెలిసింది. మన రాష్ట్రంలో 2017 నుంచి ఆన్‌లైన్ పందేలు నిషేధం. చట్టం సంగతి అలా ఉంచినా, డబ్బు పెట్టినవాడు ఫైట్ చూసే తీరే మారిపోతుంది. ఎదుటివాడు త్వరగా పడాలని కోరుకుంటాడు. ఇద్దరిని రెండు నెలలు రావద్దన్నాం. ఇద్దరూ మళ్లీ వచ్చి మామూలుగా ఉన్నారు.

రెండోది పిల్లల సంగతి. టెర్రస్ మీద ఎనిమిదో తరగతి పిల్లాడు తోటివాడి మెడకు వెనక నుంచి చెయ్యి బిగించాడు. టీవీలో కేలా హారిసన్ హోలీ హోమ్‌ను అలాగే ఓడించింది కదా అన్నాడు. హారిసన్ 2012లో, 2016లో జూడోలో ఒలింపిక్ స్వర్ణాలు గెలిచిన మనిషి. ఆమె పక్కన రెఫరీ ఉంటాడు, ఎదుటి మనిషి ఓటమి ఒప్పుకుని చేత్తో తడితే వెంటనే వదిలేస్తుంది. నర్సమ్మ గారు పిల్లలందరినీ హాల్లో కూర్చోబెట్టి, మెడకు రెండు వైపులా రక్తనాళాలు ఎక్కడుంటాయో వాళ్ల వేళ్లతోనే తాకించి చూపించారు. అవి నొక్కుకుపోతే కొన్ని సెకన్లలోనే స్పృహ పోతుందని చెప్పారు. నాడి కొట్టుకోవడం వేలికి తగిలినప్పుడు ఆ పిల్లాడి ముఖం మారిపోయింది. ఆ తర్వాత ఫిర్యాదు రాలేదు.

ఇక 2025 ఫిబ్రవరి 9. సిడ్నీలో ఉత్తరాఖండ్ కుర్రాడు అన్షుల్ జుబ్లీ ఫైట్. 2023 అక్టోబర్‌లో అబుదాబిలో మైక్ బ్రీడెన్ చేతిలో మూడో రౌండులో నాకౌట్ అయ్యాక ఏడాది పైన విరామంతో వస్తున్నాడు. మనవాళ్లు నాలుగింటికే లేచి, స్వెటర్లు వేసుకుని, ఫ్లాస్కుల్లో టీ తెచ్చుకుని కూర్చున్నారు. ఆస్ట్రేలియాకు చెందిన క్విలన్ సాల్కిల్డ్ 19 సెకన్లలో ముగించాడు. కొందరు టీ కప్పులో పోసుకోవడం కూడా పూర్తి కాలేదు.

వెనక నుంచి ఎవరో "పరువు తీసిండు" అన్నారు. ఇంకొకరు నవ్వారు. ముందు వరుసలోని కుర్రాడు లేచి నవ్వినవాడి మీదికి వెళ్లాడు. ఇద్దరినీ విడదీయాల్సి వచ్చింది. నర్సమ్మ గారు అప్పటికి ప్రతిసారీ వస్తున్నారు, తలుపు పక్క కుర్చీ ఆమెదే. ఆమె ఎవరినీ తిట్టలేదు. "తలకు దెబ్బ తాకింది గదా. అంత దూరం నుంచి విమానంల రానిస్తరా? స్కానింగ్ తీస్తరా?" అని అడిగారు. మాలో ఒక్కరికీ జవాబు తెలియదు. ఏడాదిగా చూస్తున్నాం, కానీ ఆ ప్రశ్న మాకు రాలేదు.

తర్వాత కనుక్కున్నాం. నాకౌట్ అయినవాళ్లను వైద్య కారణాలతో కొన్ని వారాల నుంచి నెలల దాకా ఫైట్లకు దూరంగా ఉంచుతారు. ఆ గడువులో సాధనలో కూడా తలకు దెబ్బలు తగలనివ్వరు. అవసరమైతే స్కాన్ చూసి గానీ మళ్లీ అనుమతించరు. ఈ వివరాలు ఒక పేజీలో రాసి హాల్లో అంటించాం. నవ్విన సభ్యుడు మరుసటి ఆదివారం వచ్చి క్షమించమన్నాడు. పేరు రాయొద్దన్నాడు కాబట్టి రాయలేదు.

చివరిది మార్చి 9, యూఎఫ్‌సీ 313. రంజాన్ నెల. ఉపవాసం ఉన్న సభ్యులు సహరీ అయ్యాక నిద్రపోకుండా వచ్చారు, అందుకే ఆ రోజు హాల్లో టీ, టిఫిన్ పెట్టలేదు. ఈ నిర్ణయం కుర్రాళ్లే తీసుకున్నారు. ఏడాది మొదట్లో గర్జించిన పెరేరా ఈసారి దాగెస్తాన్‌కు చెందిన మగొమెద్ అంకలాయెవ్ చేతిలో ఓడి చాంపియన్ బెల్ట్ పోగొట్టుకున్నాడు. ఎక్కడా నాకౌట్ లేదు. అంకలాయెవ్ ముందుకు నడుస్తూ, కంచెకు అదిమి పెడుతూ ఐదు రౌండ్లు లాగాడు.

ఆ రోజు ఒక ప్రయోగం చేశాం. రౌండ్ అయిన వెంటనే, పక్కవాళ్లతో మాట్లాడకుండా, కామెంటరీ మ్యూట్ చేసి, ఎవరి కాగితం మీద వాళ్లు మార్కులు వేయాలి. గెలిచినవాడికి 10, ఓడినవాడికి మామూలుగా 9. ఎవరి దెబ్బకు ఎక్కువ ప్రభావం ఉందో ముందు చూడాలి, దూకుడు ఆ తర్వాత. కాగితాలు విప్పితే పెరేరా గెలిచాడన్నవాళ్లు సగానికి పైనే. జడ్జీలు ముగ్గురూ 49-46, 48-47, 48-47తో అంకలాయెవ్‌కు ఇచ్చారు. గంటసేపు వాదన. పెరేరా కాలి తన్నుల చప్పుడుకు మనం మోసపోయామని ఒక పక్షం, జడ్జీలు ఒత్తిడినే దెబ్బగా లెక్కేశారని ఇంకో పక్షం. నా కాగితం మీద కూడా పెరేరాయే. మళ్లీ చూశాక రెండో రౌండ్ అంకలాయెవ్‌కు ఇచ్చాను. ఆ కాగితాలన్నీ ఫైల్లో ఉన్నాయి, చూడాలనుకునేవారు అడగవచ్చు. మధ్యాహ్నం అదే హాల్లో చాంపియన్స్ ట్రోఫీ ఫైనల్, న్యూజిలాండ్ మీద మన గెలుపు. దాని మీద ఎవరికీ వాదన లేదు.

రాబోయే సంవత్సరానికి కార్యవర్గం మూడు ప్రతిపాదనలు సర్వసభ్య సమావేశం ముందు పెడుతోంది. స్కోరు కాగితాలు ప్రతి ఫైట్‌కూ ఉండాలి. మహిళల ఫైట్లు ఉన్న రోజు హాలు తాళం మహిళా విభాగం దగ్గరే ఉండాలి. ప్రథమ చికిత్స తరగతి ఏడాదికి రెండుసార్లు జరగాలి, నర్సమ్మ గారు ఒప్పుకున్నారు. సౌండ్ గురించి పక్క ఇళ్లవారు అడిగినట్టు కిటికీలకు మందం పరదాలు కుట్టించే ఖర్చు లెక్కల పట్టికలో విడిగా చూపించాం. దానిమీద ఓటు వేయండి. విరిగిన కుర్చీలు ఎవరివల్ల విరిగాయో వాళ్లే బాగు చేయించారు, ఒకటి మాత్రం ఇంకా మిగిలింది.

కార్యదర్శి,
క్రీడా విభాగం