మొదటి ప్లాటు కొనేవాళ్లకు

అందరికీ నమస్కారం. శంకర్‌పల్లి, షాద్‌నగర్ వైపు ప్లాట్లు చూస్తున్నామని చాలామంది అడుగుతున్నారు కాబట్టి ఒకేసారి ఇక్కడ రాస్తున్నా.

ప్రీలాంచ్ ఆఫర్ (అనుమతులు రాకముందే అమ్మకం) జోలికి మాత్రం వెళ్లకండి. రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) రిజిస్ట్రేషన్ అవసరమైన ప్రాజెక్టులో ఆ నంబర్ రాకముందు అమ్మడమే కాదు, ప్రకటన ఇవ్వడం కూడా చట్టవిరుద్ధం, పైగా అగ్రిమెంట్ రిజిస్టర్ చేయకుండా ధరలో 10 శాతానికి మించి అడ్వాన్స్ తీసుకోకూడదు. బ్రోషర్ మీద నంబర్ ఉంది కదా అని ఊరుకోకుండా తెలంగాణ రెరా సైట్‌లో కొట్టి చూడండి, సర్వే నంబర్లు కలవాలి.

ఫామ్ ప్లాట్ల సంగతి వేరు. గుంటల లెక్కన చవగ్గా ఇస్తున్నారంటే అది సాధారణంగా లేఅవుట్ అనుమతి లేని వ్యవసాయ భూమే, రేపు ఇల్లు కట్టుకోవాలన్నా, బ్యాంకు లోన్ కావాలన్నా ఇబ్బందే. రిసార్ట్, క్లబ్‌హౌస్ బొమ్మలు చూసి పడిపోకండి!

ఈసీ (ఆ భూమి మీద రిజిస్టరైన అమ్మకాలు, తనఖాలు చూపే పత్రం) కనీసం 30 ఏళ్లది తీయించండి. లింకు డాక్యుమెంట్లు (భూమి చేతులు మారిన పాత పత్రాలు), నిషేధిత జాబితా (రిజిస్ట్రేషన్ చేయకూడని భూములది), చెరువు ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండితే నీళ్లు వచ్చే మేర), దాని చుట్టూ వదలాల్సిన బఫర్ హద్దులు మన సొంత లాయరుతో చూపించుకోవాలి, అమ్మేవాళ్లు పంపే లాయరుతో కాదు. సేల్ డీడ్ రిజిస్టర్ చేయించుకోకుండా ఒక్క జీపీఏ (యజమాని తరఫున వ్యవహరించే అధికారపత్రం) మీదే కొంటే యాజమాన్యం రాదని సుప్రీంకోర్టు 2011లోనే చెప్పింది, అయినా ఇంకా కొంటున్నారు.

ధర 50 లక్షలు, ఆపైన అయితే 1 శాతం టీడీఎస్ (అమ్మేవాళ్లకు ఇచ్చే డబ్బులోంచి మినహాయించే పన్ను) కట్టాల్సింది కొనేవాళ్లే. స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఖర్చు బడ్జెట్‌లో ముందే పక్కన పెట్టుకోండి. డబ్బు మాత్రం బ్యాంకు ద్వారానే ఇవ్వండి. పేపర్ల ఫొటోలు గ్రూపులో పెట్టొద్దు, డౌట్ ఉంటే నాకు విడిగా పంపండి.