శాండ్‌విచ్‌లో ఏముందో బోర్డు మీద రాయండి

సంపాదకులకు నమస్కారం.

ఈ మధ్య పేపర్లలో హోటళ్ళ మీద ఫుడ్ సేఫ్టీ వాళ్ళ దాడుల వార్తలు బాగానే వస్తున్నాయి. ఫ్రిజ్‌లో నిల్వ చికెన్, రంగు దట్టించిన బిర్యానీ, బొద్దింకలు తిరిగే వంటగది, ఫొటోలతో సహా. మంచిదే, రావాలి. కానీ మా విశాఖలో సిరిపురం, ద్వారకానగర్, వీఐపీ రోడ్డు వైపు అద్దాల తలుపులతో, ఏసీతో మెరిసిపోయే చైన్ షాపుల్లోకి వెళ్ళి ఏ అధికారైనా తలెత్తి మెనూ బోర్డు చదివాడన్న వార్త మాత్రం నా కంట పడలేదు. నా బాధంతా ఆ బోర్డు గురించే.

నేను పని చేసేది ద్వారకానగర్‌లో. క్యారేజీ తెచ్చుకోని రోజు మా ఆఫీసులో సగం మంది వెళ్ళేది దగ్గర్లో ఉన్న శాండ్‌విచ్ షాపుకే. భోజనం హోటల్లో ఒంటిగంటకి సీటు దొరకదు, దొరికినా వెనకాల ఇంకో మనిషి నిలబడి మన పెరుగన్నం ఎప్పుడు అయిపోతుందా అని చూస్తుంటాడు. ఇక్కడ ఆ గొడవ లేదు, కాసేపట్లో చేతికొస్తుంది, కూరగాయ ముక్కలు కళ్ళ ముందే వేస్తారు, చల్లగా కూర్చుని తినొచ్చు. కాబట్టి విదేశీ తిండి మనకెందుకు అనే బాపతు ఉత్తరం కాదిది.

మా అక్క కూతురికి నువ్వులు పడవు. పడవంటే అజీర్తి, కడుపునొప్పి లాంటిది కాదు. చిన్నప్పుడు నాగుల చవితికి చిమ్మిలి ఉండ నోట్లో పెట్టుకున్న కాసేపటికే పెదాలు వాచి, ఒంటి నిండా దద్దుర్లు లేచి, ఊపిరాడక ఆసుపత్రికి ఎత్తుకెళ్ళాల్సి వచ్చింది. అప్పట్నుంచి వాళ్ళింట్లో నువ్వుపప్పు డబ్బా కనపడదు. ఇప్పుడు ఆంధ్రా యూనివర్సిటీలో పీజీ చేస్తోంది, ఫ్రెండ్స్‌తో బయట తినకుండా ఉండమంటే ఉంటుందా? మొన్న నా దగ్గరికొస్తే ఆ షాపుకే తీసుకెళ్ళాను.

కౌంటర్ దగ్గర కుర్రాణ్ణి అడిగాను, బాబూ, ఈ బ్రెడ్‌లో గానీ సాసుల్లో గానీ నువ్వులున్నాయా అని. "ఉండవు మేడమ్, ప్యూర్ వెజ్" అన్నాడు. అంటున్నప్పుడు వాడి చేతిలో ఉన్న బ్రెడ్ మీదే తెల్లగా నువ్వులు చల్లి ఉన్నాయి. చూపిస్తే, "ఓ ఇవా మేడమ్, ఇవి పైన మాత్రమే, దులిపేస్తాను" అన్నాడు. నవ్వాలో ఏడవాలో తెలీలేదు. పోనీ ఇంకో రకం బ్రెడ్ తీసుకుందామంటే, అన్నీ ఒకే ట్రేలో కాలుస్తారా, ఒకే కత్తితో కోస్తారా, అదీ తెలీదు. సాసుల సీసాలు వరసగా ఉన్నాయి, సన్న మూతి ప్లాస్టిక్ సీసాలు, దేని మీదా పేరు లేదు, రంగుని బట్టి పోల్చుకోవాలి. తెల్లగా ఉన్నది మయొనైజ్ అయితే అందులో గుడ్డు ఉందా లేదా? పచ్చిగుడ్డు మయొనైజ్‌ని పక్కన తెలంగాణలో 2024 అక్టోబరు చివర్లో ఏడాది పాటు నిషేధించారు కూడా, అంటే తేలిగ్గా తీసుకునే సంగతి కాదు కదా. మేనేజర్ని పిలిస్తే ఆయన మర్యాదగానే, "లోపల ప్యాకెట్ల మీద ఉంటుందండీ, చూడాలి" అన్నారు. చూడమని పట్టుపడదామంటే వెనక లైన్లో వాళ్ళు గొణగడం మొదలుపెట్టారు. నాకు మాత్రం మూడు వందలు దాటి బిల్లయింది, అక్క కూతురు పక్క మెస్‌లో పెరుగన్నం తిని ఊరుకుంది.

కుర్రాణ్ణి నేనేమీ అనను. వాడికి నేర్పింది పేర్లూ రేట్లూ, "ఎక్స్‌ట్రా చీజ్ వేయమంటారా" అని అడగడమూ. లోపల పెట్టే ప్యాటీ ఎక్కడో ఫ్యాక్టరీలో తయారై, గడ్డకట్టి, ప్యాకెట్లలో వస్తుంది. అందులో ఏం కలిపారో వాడికెలా తెలుస్తుంది? అదే మా వీధి చివర ఇడ్లీ బండి ఆయన్ని, చట్నీలో పల్లీ వేశారా అని అడిగితే తడుముకోడు, తెల్లారగట్ల రుబ్బింది ఆయనే కాబట్టి. ఇది వేశాను, అది వేయలేదు, మీరు అల్లం పచ్చడి వేసుకోండమ్మా అంటాడు. అక్కడ బోర్డు లేకపోయినా ఫర్వాలేదు. వండిన మనిషి ఎదురుగా లేని చోటే కాగితం కావాలి. పైగా వివరమంతా ఆ షాపులోనే ఉంది, సరుకు వచ్చిన పెట్టె మీదో దాంతో వచ్చే కాగితాల్లోనో. స్టోర్ రూమ్ నుంచి కౌంటర్ దాకా అది రాదు, అంతే.

ఇది నేను కొత్తగా కోరుతున్న సౌకర్యం కాదు. దేశంలో ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ వాళ్ళు 2020లో తెచ్చిన లేబెలింగ్, డిస్‌ప్లే నిబంధనల ప్రకారం, సెంట్రల్ లైసెన్స్ ఉన్న లేదా 10 అంతకంటే ఎక్కువ చోట్ల శాఖలున్న తిండి షాపులు మెనూలో ప్రతి ఐటమ్ పక్కనా ఎన్ని కేలరీలో వేయాలి, అలర్జీ తెప్పించే పదార్థాల సంగతీ, వెజ్జో నాన్‌వెజ్జో తెలిపే గుర్తూ చూపించాలి. గడువు పొడిగించి 2022 జులై 1 నుంచి అమల్లోకి తెచ్చారు. నేను వెళ్ళిన షాపు బోర్డు మీద ఆకుపచ్చ గుర్తు ఉంది, కాంబో ఆఫర్ ఉంది, నోరూరించే ఫొటోలున్నాయి. అలర్జీ ముక్క ఎక్కడా లేదు.

ఉన్న నిబంధనలో కూడా ఒక లోటుంది, దాన్నీ రాయాలి. తప్పకుండా చెప్పాల్సిన అలర్జీ పదార్థాల జాబితాలో గోధుమ లాంటి గ్లూటెన్ ధాన్యాలు, పాలు, గుడ్లు, చేపలు, రొయ్యలు, పీతల లాంటివి, వేరుశనగ, జీడిపప్పు లాంటి గింజలు, సోయా, నిల్వ కోసం కలిపే సల్ఫైట్లు ఉన్నాయి. నువ్వులు లేవు! నువ్వుల నూనె, నువ్వు పొడి, చిమ్మిలి, నువ్వుండలు తినే దేశంలో. అమెరికాలో 2023 జనవరి 1 నుంచి నువ్వుల్ని ఆ జాబితాలో చేర్చారు, బ్రిటన్‌లో అంతకు ముందు నుంచే ఉన్నాయి.

ఉన్నా సరిపోలేదు అక్కడ. 2016 జులైలో నటాషా అనే 15 ఏళ్ళ అమ్మాయి లండన్ హీత్రో విమానాశ్రయంలో ప్రెట్ ఎ మాంజే అనే శాండ్‌విచ్ చైన్ షాపులో ఒక బాగెట్ (పొడుగాటి బ్రెడ్‌తో చేసిన శాండ్‌విచ్) కొనుక్కుని విమానం ఎక్కింది. నువ్వులు బ్రెడ్ పిండిలోనే కలిపి ఉన్నాయి, పైకి కనపడవు, ప్యాకెట్ మీద రాసి లేదు. షాపులోనే తయారుచేసి ప్యాక్ చేసింది కాబట్టి ఒక్కొక్క ప్యాకెట్ మీద రాయనక్కర్లేదని అప్పటి రూలు. ఆ పిల్ల చనిపోయింది. తల్లిదండ్రులు పోరాడితే 2021 అక్టోబరు 1 నుంచి అలాంటి ప్యాకెట్ల మీద కూడా పదార్థాలన్నీ రాయాలని చట్టం వచ్చింది, నటాషా చట్టం అనే అంటారు. మన దగ్గర కౌంటర్లో అప్పటికప్పుడు చేసిస్తారు కాబట్టి ప్యాకెట్ లేబుల్ పద్ధతి అచ్చంగా కుదరదు, కానీ గోడ మీద ఒక చార్టు పెట్టడానికి ఏం అడ్డం? ఆ మధ్య ఒకతను నాతో, "ఇవన్నీ ఫారిన్ వాళ్ళ రోగాలండీ, మనవాళ్ళకి అలర్జీలెక్కడివి" అన్నాడు. మా అక్క దగ్గర అనమనండి చూద్దాం.

ఇంకొక్క మాట, శాకాహారుల తరఫున. చికెన్ ముక్కలు తీసిన గ్లవ్స్‌తోనే పనీర్ తీయడం చాలాసార్లు చూశాను. మార్చుకోమని అడిగితే మారుస్తారు, కానీ అడగాలి. కార్తీకమాసంలో మా ఆఫీసు వాళ్ళు ఆ షాపు మొహం చూడకపోవడానికి కారణం భక్తి ఒక్కటే కాదు.

జిల్లా ఆహార భద్రత అధికారులు ఈసారి తనిఖీలకు బయల్దేరినప్పుడు వంటగదితో పాటు బోర్డు కూడా చూడాలని కోరుతున్నాను. ఏ బ్రెడ్‌లో, ఏ సాస్‌లో, ఏ ప్యాటీలో ఏముందో ఒక చార్టు, తెలుగులోనూ, కౌంటర్ ఎదురుగా, చదవగలిగే సైజు అక్షరాల్లో ఉంటే చాలు. జాబితాలో ఉన్నా లేకపోయినా నువ్వుల్ని అందులో చేర్చమని షాపుల వాళ్ళకి నా మనవి. సాస్ సీసాల మీద పేర్లు అంటించడానికి పెద్ద ఖర్చేం కాదు, మార్కర్ పెన్ను చాలు. మీలో ఎవరికైనా ఇలాంటిది ఎదురైతే బిల్లు పారేయకండి, దాని మీద 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు ఉంటుంది, 2022 జనవరి నుంచి అది తప్పనిసరి. ఫిర్యాదుకి ఆ నంబరు పనికొస్తుంది. నేనూ నా బిల్లు దాచాను, ఈ వారమే ఫిర్యాదు పెడుతున్నాను. జవాబు వస్తే మీకు మళ్ళీ రాస్తాను, రాకపోయినా రాస్తాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం